చాపచుట్టిన నీడ

వెన్నెలేటి అలంకారం చూసి తీరవలసిందే. ఈ ఒడ్డున చలువరాతి మెట్లు, ఆ ఒడ్డున అలాంటివే మెట్లు. మెట్టుమెట్టుకూ పద్మాలు, పద్మాల నడుమ హంసలు, హంసల ముక్కుల్లో ముత్యాల పేర్లు. బంగారు నీరు పోసిన స్తంభాలు, వాటిమీద చీనాంబరాల పందిళ్ళు. నీళ్ళమీద ఆకు అన్నది లేదు. పడితే ఏరడానికి వెండి పిడి వలలు పట్టుకుని పరిచారకులు నడుములోతు నీళ్ళలో నిలబడి ఉంటారు గాని, పాపం వాళ్ళకు పనే తగలడం లేదు. ఆకు రాల్చడానికి చెట్టంటూ ఒకటి ఉండాలి గదా. కానుగలు, నేరేళ్ళు, ఏరుమద్దులు, వాటి మొదళ్ళలో అల్లుకున్న మొగలిపొదలు, రెల్లుదుబ్బులు, అన్నిటినీ నరికించి ఒడ్డంతా చదును చేయించాడు యువరాజు మకరందుడు. నీళ్ళ అంచున ఉన్న ముసలి మేడిచెట్టు మొద్దు ఒక్కటి ఎంత తవ్వినా ఊడిరాలేదు. దానిమీద బంగారు హంసను కూర్చోబెట్టి, అది కూడా అలంకారమే అనిపించారు. యువరాజుగారికి అక్కంటే అంత ప్రాణం.

అక్క పేరు కేతకి. ఆమె ప్రస్తుతం చేప.

అదెలా జరిగిందంటే, చైత్రమాసంలో ఆమె నల్లదొన కొండకు వేటకు వెళ్ళింది. అక్కడి గుహలో ఛాయాభోగుడనే మాంత్రికుడుంటాడు. వాడి ఒంటికి ఎండ పడదు. అందుచేత దిక్కులేని నీడలన్నిటినీ పోగుచేసి, చాపల్లా చుట్టి, గుహనిండా పేర్చుకుని, కావలసినన్ని పరుచుకుని పడుకుంటాడు. కేతకికి నవ్వాగలేదు. "ఏమయ్యా, ఊళ్ళోవాళ్ళు పారేసిన చాపలన్నీ నీ దగ్గరే ఉన్నట్టున్నాయే, అంచులైనా కుట్టించుకోరాదూ" అంది. మాంత్రికులు కత్తిని ఓర్చుకుంటారు, కరవాలాన్ని ఓర్చుకుంటారు గాని నవ్వును ఓర్చుకోలేరు. "తొలకరి చినుకు నీ వీపున పడేదాకా చేపవై ఉండు. నిన్ను నీ పేరుతో మొదట ఎక్కడ పిలుస్తారో ఆ మడుగే నీకు చెర. అది దాటావో, మాటా మతీ పోయి ఉత్త చేపవైపోతావు" అని చేతిలో నీళ్ళు మంత్రించి చల్లాడు. కేతకి జానెడు వెండిచేపై, ఆ గుహలోనే పుట్టే వెన్నెలేట్లో పడి రాజధానిదాకా కొట్టుకొచ్చింది. రేవులో కాళ్ళు కడుక్కుంటున్న మకరందుణ్ణి చూసి "ఒరేయ్" అంది. ఆ గొంతు విని అతను "కేతకక్కా" అన్నాడు. దాంతో ఆ రేవు మడుగే ఆమెకు చెర అయిపోయింది. వాడి మంత్రం ఆమె ఒంటిని మార్చింది గాని నోటిని ఏమీ చేయలేకపోయింది. రత్నమేఖల రాజ్యంలో ఆ నోటిని ఎరిగినవాళ్ళెవరూ ఇందుకు ఆశ్చర్యపోలేదు.

తండ్రి మహారాజు తీర్థయాత్రలలో ఉన్నాడు. రాజముద్రిక మకరందుడి వేలికుంది. అలంకారాధికారి సుశోభనాచార్యులు చేతులు కట్టుకుని వచ్చి, "ప్రభూ, రాకుమారిగారి నివాసం పొదల మధ్యనా, కుళ్ళిన ఆకుల మధ్యనా? లోకం ఏమనుకుంటుంది?" అన్నాడు. లోకం ఏమనుకుంటుందో అన్న మాటకు పడిపోని యువరాజు ఇంకా పుట్టలేదు. మకరందుడు వెంటనే శాసనం రాయించాడు. ఏటి ఒడ్డున ఒక్క మొక్క నిలవరాదన్నాడు. ఎవరు అడ్డొచ్చినా గొడ్డలి ఆగరాదన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊపులో ఉన్నాడు కనుక, చివరికి నేనే వచ్చి వద్దన్నా వినరాదు అని ఒక ముక్క కలిపాడు. ఆ ముక్క విని సభంతా భేష్ అంది. రాగిరేకుమీద చెక్కించి రేవులోనే తగిలించారు.

ఇక అసలు కథ. రోహిణికార్తెలో ఒకనాటి ఉదయం మకరందుడు వెండిపళ్ళెంతో రేవులోకి దిగి, "అక్కా, ఇవాళ కజ్జికాయలు తెచ్చాను" అన్నాడు.

మెట్టు పక్కన ఒక వెండి మూతి పైకి వచ్చి గుటుక్కున గాలి మింగింది.

"నీ కజ్జికాయలు నువ్వే తినరా తమ్ముడూ. నిన్నటి బూరెలు ఇంకా అడుగున పులుస్తున్నాయి. ముందు నీళ్ళలో చెయ్యి పెట్టి చూడు."

పెట్టాడు. స్నానానికి చన్నీళ్ళు కలిపి తొరిపిన నీళ్ళలా గోరువెచ్చగా ఉన్నాయి. "హాయిగానే ఉన్నాయక్కా" అన్నాడు.

"నీకు హాయి. పొద్దున్నే ఇలా ఉంటే మధ్యాహ్నానికి ఎలా ఉంటాయి? నీళ్ళలో వేసి కాచిన చేపని ఏమంటారో వంటశాలకు పోయి అడిగిరా."

మకరందుడి ముఖంలో చిరునవ్వు తగ్గింది. "పందిళ్ళు వేయించాను గదా" అన్నాడు.

"ఎగువన ఆమడ పొడుగునా ఏరు ఎండలో కాగి వస్తుంటే, ఇక్కడ నా నెత్తిన గుడ్డ పట్టి ఏం లాభం? పోనీ వేడి ఒక్కటేనా? ఒరేయ్, నేను వచ్చిన కొత్తలో ఈ మడుగు తిరనాళ్ళలా ఉండేది. మేడివేళ్ళ సందుల్లో పరిగె చేపల కాపురాలు. కానుగ దుంగ ఒకటి నీళ్ళలో పడి ఉండేది చూడు, దాని కింద ఒక పెద్ద ముసలి వాలుగ చేప ఉండేది, నన్ను కూతుర్లా చూసుకుంది. పైనుంచి చీమో గొంగళిపురుగో టప్పున రాలితే అదే మాకు ఫలహారం. మేడిపండు రాలిందంటే ఆ పూట పెళ్ళిభోజనం. నీ మనుషులు వచ్చి వేళ్ళు నరికారు, పరిగెలకు ఇల్లు పోయింది. దుంగ లాగేశారు, ముసలమ్మకు ఇల్లు పోయింది. కుళ్ళిన ఆకంటూ ఏరిపారేశారు. ఆ ఆకు తిని బతికే పురుగులు పోయాయి, ఆ పురుగు తిని బతికేవాళ్ళు పస్తు పడుకున్నారు. ఎగువన వేళ్ళ పట్టు లేక ఒడ్డు విరిగిపడుతోంది. ఆ మన్నంతా వచ్చి గులకరాళ్ళను కప్పేసింది. గుడ్లు పెట్టుకుందామని వచ్చిన ఆడవాళ్ళు చోటు లేక ఏడుస్తూ ఎగువకు పోయారు."

"అంటే ఇప్పుడు ఎవరూ లేరా?"

"ఎందుకు లేరూ. మట్టగిడసలు, ఇంగిలాయిలు అని బురదచేపలు దిగాయి. వాళ్ళకు బురదంటే ఇష్టం. నీళ్ళలో ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి మింగిపోతారు. ఎండకు పట్టిన పాచి వాళ్ళకు పట్టుపరుపు. ఇంగిలాయిలు ఆ హంస ఉన్న మొద్దు చుట్టూనే మకాం పెట్టారు. మీసాలూ వాళ్ళూ, చంకల్లో ముళ్ళూ. మనిషికి గుచ్చుకుంటే కాలు పట్టుకుని ఊరంతా గెంతాల్సిందే. మాటకు మాత్రం మర్యాదస్థులే, నన్ను రాకుమారీ అనే పిలుస్తారు." అక్కడ ఆమె ఆగి, మళ్ళీ గాలి మింగింది. "వాళ్ళు బతుకుతారు. నేను బతకను. నిన్న నడిపొద్దున వెల్లకిలా తేలిపోయానురా. ఎలాగో తిప్పుకున్నాను. ఇవాళ తిప్పుకోలేనేమో."

మకరందుడు పళ్ళెం మెట్టుమీద పెట్టేశాడు. అక్క ఎప్పుడూ తిట్టేది, వెక్కిరించేది, చెవి మెలిపెట్టేది. చచ్చిపోతానని మాత్రం ఎన్నడూ అనలేదు. తొలకరి ఇంకా రోజుల దూరంలో ఉంది. చెట్లు నాటిస్తే నీడ రావడానికి ఏళ్ళు పడుతుంది. "ఏం చేయమంటావు చెప్పక్కా" అన్నాడు.

"నీడ కావాలి. ఈ మధ్యాహ్నానికే కావాలి. చాపచుట్టి దాచినవాడు ఒకడున్నాడు. వాడి నీడల అంచులు చిరిగి పీచులు లేచిపోయాయి. నేను నవ్వింది కూడా అందుకేగా. చాపలు బాగుచేసేవాడి వేషం వేసుకుని పో. కిరీటం తీసెయ్యడం మరిచిపోయేవు."

కిరీటం తీసేశాడు. రాజముద్రిక కనబడకుండా ఆ వేలికి గుడ్డపీలిక చుట్టాడు. పంచెను మోకాళ్ళపైకి గోచీ బిగించి, తలకు పాతగుడ్డ చుట్టి, చంకన ఒక తుంగకట్ట పెట్టుకుని గుర్రమెక్కాడు. గుర్రం మాత్రం రాజుగారి గుర్రమే. కొండ కిందికి వచ్చాక ఆ సంగతి గుర్తొచ్చి, దాన్ని పొదల్లో కట్టేసి మిగిలిన దూరం పరుగెత్తాడు.

నల్లదొన గుహను చూసినవాడు ఇక ఎండను నమ్మడు. బయట రాళ్ళమీద పేలాలు వేగేటంత వేడి. గడప దాటితే మార్గశిరం. నేలనుంచి కప్పుదాకా చుట్టలు చుట్టలుగా నీడలు పేర్చి ఉన్నాయి. కొబ్బరిమట్టల నీడలు చారలు చారలుగా, చింతచెట్ల నీడలు సన్నని నలుసులు చల్లినట్టుగా, వెదురు నీడలు కదులుతూ గలగలమంటూ. ఒక మూల గోపురాల నీడలు, ఎగిరిపోయిన పక్షుల నీడలు కూడా ఉన్నాయి. గుహ నడుమన బండలోంచి వెన్నెలేరు బుగ్గగా పుట్టి, అద్దంలా మెరుస్తూ సొరంగంలోకి జారిపోతోంది. ఆ బుగ్గ పక్కన నీడలమీద నీడలు పరుచుకుని, పైన ఇంకో మూడు కప్పుకుని ఛాయాభోగుడు పడుకుని ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎండ మొహం చూడని ఒళ్ళు, ఉడికించి ఒలిచిన చామదుంపలా తెల్లగా మెరుస్తోంది.

"ఎవడ్రా అది?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"చాపలు అల్లేవాణ్ణి సామీ. చిరిగినవి బాగుచేస్తాను, అంచులు కడతాను."

మాంత్రికుడు లేచి కూర్చున్నాడు. ఒక నీడను పైకెత్తి చూపించాడు. అంచంతా పీచులు పీచులుగా వేలాడుతోంది. "మొన్న ఒక పిల్ల దీన్ని చూసి నవ్విపోయింది. అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు. ఏదీ, నీ చేతులు చూపించు."

చూపించాడు. పూలు తప్ప ఏమీ పట్టని చేతులు. ఛాయాభోగుడి కనుబొమలు ముడిపడ్డాయి. "తుంగ కోసిన చేతులు ఇంత నున్నగా ఉంటాయిట్రా?"

"తుంగ మా ఆడది కోస్తుంది సామీ. అల్లేది కూడా అదే. నేను పక్కన కూర్చుని ఎలా అల్లాలో చెబుతుంటాను."

మాంత్రికుడు కాసేపు చూసి పకపకా నవ్వాడు. "అయితే నువ్వు పనిలో పెద్దవాడివే. కూర్చో." ఆ తరువాత తన సొత్తు చూపించే మురిపెం అతనికి పట్టింది. చుట్టల మీద అరచేతితో నిమురుతూ నడిచాడు. "ఇవన్నీ కొట్టుకొచ్చాననుకుంటున్నావేమో. నేను దొంగను కాదురా. ఎవరో చెట్టు నరుకుతారు. కొమ్మలు పొయ్యిలోకి, మాను బండిమీదకి. నీడ ఒక్కటీ నేలమీద అలాగే పడి దిక్కులు చూస్తుంటుంది. దాన్ని ఎవరూ అడగరు. నేను వెళ్ళి తెచ్చుకుంటాను. మొదలున్న నీడను, అంటే మాను నిలబడి ఉన్నదాన్ని, ముట్టుకోను, ముట్టుకోలేను కూడా. అది మా విద్యకు కట్టుబాటు. ఈ ఏడు మటుకు నా పంట పండింది. రత్నమేఖల యువరాజని ఒక మహానుభావుడున్నాడులే. ఏటి ఒడ్డు మొత్తం కొట్టించేశాడు. కొమ్మలు కలుపుకుని పెరిగిన చెట్లేమో, నీడంతా ఒకే చాపగా వచ్చేసింది. అదిగో, ఆ చుట్టల్లో ఎక్కడో ఉంది. ఆయన చల్లగా ఉండాలి."

మకరందుడికి చెవులు మండాయి. ఆ మంటను దిగమింగి, చుట్టలవైపు నడిచాడు. ఎన్నని వెతకడం? అన్నీ నల్లనివే, అన్నీ చల్లనివే. బుగ్గ పైన బండ సందులోంచి పడుతున్న ఎండ పట్టీని బట్టి చూస్తే పొద్దు నెత్తిమీదికి వస్తోంది. "అంచులు చూడాలి సామీ" అంటూ ఒక్కో చుట్ట కొస విప్పి చూడడం మొదలెట్టాడు. చింతచెట్టు, కాదు. మర్రి, కాదు. రావి, కాదు. సభలో కూర్చుని ఒడ్డంతా నరకమన్నవాడికి ఆ ఒడ్డు నీడ ఎలా ఉంటుందో తెలియడం లేదు.

ఒక చుట్ట విప్పేసరికి అతని చెయ్యి ఆగింది. దట్టంగా అల్లుకున్న ఆకుల నీడ నడుమ గుమ్మడికాయంత ఖాళీ, పక్కన ఉయ్యాలతాడు ఒరుసుకున్న గీత. చిన్నతనంలో అక్కాతమ్ముళ్ళు మేడిచెట్టుకు ఉయ్యాల కట్టారు. నాదంటే నాదని ఇద్దరూ ఒకేసారి ఎక్కితే కొమ్మ విరిగి ఇద్దరూ ఏట్లో పడ్డారు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు తానొక్కతే ఎక్కానని అక్క చెప్పింది, దెబ్బలూ తనే తింది. ఆ కొమ్మ మళ్ళీ మొలవలేదు. ఆ చోటు అలాగే ఖాళీగా ఉండిపోయింది. మకరందుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాపలవాడి కళ్ళలో నీళ్ళు తిరిగితే అనుమానం వస్తుందని తలగుడ్డతో తుడుచుకున్నాడు.

"ఇది బాగా ఎండిపోయింది సామీ. ఇలాగే అల్లితే పుటుక్కున విరుగుతుంది. తుంగనైనా తడిపే గదా అల్లుతాం. బుగ్గలో నానేసి తీయాలి."

"తడపాలా? ఆ పిల్ల తడపమని చెప్పలేదే."

"నవ్వే పిల్లలకు పని ఏం తెలుస్తుంది సామీ."

ఆ మాట మాంత్రికుడికి వెన్నపూసలా తగిలింది. సరే కానిమ్మన్నాడు. మకరందుడు చుట్టను భుజానికెత్తుకున్నాడు. అంత ఏటి ఒడ్డు నీడ, పింఛమంత బరువు కూడా లేదు. బుగ్గలో పడేశాడు. అది తేలింది. దానిమీదికి ఒక్క దూకు దూకి, కాలితో బండను తన్నాడు. చుట్టా తనూ కలిసి సొరంగంలోకి జారిపోయారు.

"ఓరి చాపలోడా" అన్న కేక వెనకనుంచి వచ్చి, సొరంగంలోనే ఆగిపోయింది.

ఆ తరువాతి ప్రయాణం మకరందుడికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. సొరంగం అతన్ని ఎండలోకి ఉమ్మేసింది. ఒక జలపాతం, దాని కింద ఇంకొకటి. సుడిగుండంలో చుట్ట గిర్రున తిరిగినప్పుడు కొస ఊడి, వెనక నీళ్ళమీద నల్లని పైటలా పరుచుకుంది. రేవులో నిలబడ్డ ఏనుగుల గుంపు మీదుగా ఆ నీడ పోతుంటే అవి తొండాలెత్తి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాయి. బట్టలుతికే ఆడవాళ్ళు "ఎవరయ్యా నువ్వు, కాసేపు ఆగి పో" అని పిలిచారు. ఆగడానికి వీలెక్కడ? అంతలో అడుగున ఏదో తళుక్కుమంది. ఒంగి చూశాడు. పరిగెలు. పాతిక కాదు, పరక కాదు, గుంపులు గుంపులు. ఎగువన రాతిసందుల్లో తలదాచుకున్న పరిగెలన్నీ పాత ఇంటి చల్లదనం తగిలి పెళ్ళివారిలా నీడ కిందికి చేరి వస్తున్నాయి. వాటి వెనక, తొందరేమీ లేనట్టు, ముసలి వాలుగ ఒకటి.

పైన మాత్రం పరిస్థితి బాగాలేదు. ఎడమ గట్టుమీద ఒక పెద్ద గద్ద నీడ రాళ్ళమీదా రప్పలమీదా పాకుతూ దూసుకొస్తోంది. ఆకాశంలో గద్ద లేదు. ఆ నీడ నడుమ నిలువునా కప్పుకుని, ఒక కన్ను మాత్రమే బయటపెట్టి ఛాయాభోగుడు కూర్చున్నాడు.

పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉండగా చుట్ట రాజధాని రేవుకు తగిలింది. వెండి వలల పరిచారకులు ఎండకు తాళలేక ఎటో పోయారు. పాచిపట్టిన నీళ్ళలో, బంగారు స్తంభం పక్కన, కేతకి వెల్లకిలా తేలుతోంది. మకరందుడు "అక్కా" అన్నాడు. చుట్టను రెండు చేతులా పట్టి ఒక్క విసురు విసిరాడు. నీడ ఒడ్డునుంచి ఒడ్డుకు, రేవునుంచి ఎగువ వంపు దాటి ఆ పైదాకా, చలువరాళ్ళమీదా నీళ్ళమీదా నల్లగా, ఆకులు ఆకులుగా పరుచుకుంది. చల్లని గాలి ఒకటి లేచింది. చీనాంబర పందిళ్ళు చిన్నబోయినట్టు వేలాడాయి. నీళ్ళ ఆవిరి తగ్గింది. వెండిచేప తోక కొస కదిలింది, పక్కకు తిరిగింది, నిటారైంది.

"ఎంత ఆలస్యంరా" అంది కేతకి.

మకరందుడు మెట్టుమీద కూలబడి నవ్వాడు, ఏడ్చాడు, మళ్ళీ నవ్వాడు. పరిగెలు మడుగంతా పరుగులు పెట్టాయి. ముసలి వాలుగ వచ్చి కేతకి పక్కన నిలిచి, దుంగ ఎక్కడ అన్నట్టు అటూఇటూ చూసింది.

"నవ్వుకో, నవ్వుకో" అన్నాడు ఎదుటి ఒడ్డున దిగిన ఛాయాభోగుడు. గద్ద నీడను గొడుగులా సర్దుకున్నాడు. "ఆ మహానుభావుడివి నువ్వేనన్నమాట. అంచులు చూడు నాయనా."

చూశాడు. ఎగువ వంపు దగ్గర నీడ ముడుచుకుంటోంది. తడిగుడ్డ ఎండలో ఆరినట్టు అంచునుంచి లోపలికి కరిగిపోతోంది.

"నీడకు మొదలు కావాలిరా పిచ్చివాడా. నా గుహలో అయితే మంత్రంతో నిలబెడతాను. ఇక్కడ దేనిమీద నిలబడుతుంది? మొదళ్ళన్నీ నువ్వు పెకలించావుగా. కాసేపాగితే ఉన్న కాస్తా పోతుంది, మీ అక్కా పోతుంది. చుట్టి ఇటిచ్చేయ్, నీడైనా దక్కుతుంది."

మకరందుడు ఆలోచించలేదు. ఆలోచించడం అతనికి అలవాటూ లేదు. నీళ్ళలోకి దిగి, మేడిమొద్దు మీద ఉన్న బంగారు హంసను ఒక్క తాపు తన్ని, "నేనే మొదలు" అంటూ దాని స్థానంలో తాను ఎక్కి నిలబడ్డాడు. కరిగిపోతున్న నీడ గబగబా పాకివచ్చి అతని పాదాలను పట్టుకుంది.

పాదాలు చల్లబడ్డాయి. వేళ్ళు వేళ్ళయి మొద్దులోకి, మొద్దులోంచి నీళ్ళలోకి దిగాయి. పిక్కలు, తొడలు, నడుము బూడిదరంగు బెరడయ్యాయి. చేతులు బారలు బారలుగా సాగి, వేలివేలికీ రెమ్మలు, రెమ్మరెమ్మకూ లేతాకులు, ఆకులు ముదిరి గుబురులై, కొమ్మలకు గుత్తులు గుత్తులుగా ఎర్రని మేడికాయలు వేలాడాయి. చిటికెనవేలి రెమ్మకు రాజముద్రిక మాత్రం అలాగే ఉండిపోయింది. నీడ అంచులు కుదుటపడ్డాయి. ఎక్కడినుంచి వచ్చిందో ఒక చీమల బారు మానుమీద ఎక్కుతోంది. అందులో ఒకటి కాలుజారి నీళ్ళలో పడింది. కేతకి గుటుక్కుమనిపించింది.

"కజ్జికాయ కంటే ఇది నయంరా" అంది. కాసేపటికి ఆమె గొంతు మారింది. "తమ్ముడూ, మాట్లాడు."

ఆకులు గలగలమన్నాయి. మాట రాలేదు. తమ్ముడికి మాత్రం లోపల అన్నీ వినిపిస్తున్నాయి.

ఛాయాభోగుడు పళ్ళు నూరాడు. మొదలున్న నీడ ఇక అతనిది కాదు. తరువాత ఏదో గుర్తొచ్చినట్టు మొహం విప్పారింది. మెట్టుమీద బాసింపట్టు వేసుకుని స్థిమితంగా కూర్చున్నాడు. "తొందరేముంది? నేనెప్పుడూ నరకలేదు. మీవాళ్ళే నరుకుతారు. నేను ఏరుకుంటాను."

ఆ మాట నోట్లో ఉండగానే రేవుపైన మువ్వల పల్లకి దిగింది. సుశోభనాచార్యులు బయటికొచ్చి, ఒకసారి చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. తెల్లని రేవు నడుమ ఆకులు రాలుస్తూ, చీమలు రాలుస్తూ ఇంత మేడిచెట్టు.

"ఎవర్రా దీన్ని మొలిపించింది? పిలవండి గొడ్డళ్ళవాళ్ళని."

"ఆచార్యులుగారూ, ఆగండి. అది చెట్టు కాదు, మా తమ్ముడు" అంది కేతకి నీళ్ళలోంచి.

ఆచార్యులు రాగిరేకువైపు తిరిగి నమస్కారం పెట్టాడు. "తల్లీ, తమ ఆవేదన అర్థమవుతోంది. కాని యువరాజుగారి ఆజ్ఞ ఇదిగో, చదువుకోండి. చివరికి తానే వచ్చి వద్దన్నా వినరాదన్నారు. తానే చెట్టై వచ్చినా అని వేరే రాయాలా? అంతటి దూరదృష్టి ప్రభువుది. కానివ్వండర్రా."

చెట్టు ఆకులన్నీ ఒక్కసారి వణికాయి. ఆ శాసనం రాయించిన రోజు సభ భేష్ అన్న ధ్వని మకరందుడికి ఇప్పుడు మానులోపల మళ్ళీ వినిపించింది.

గొడ్డళ్ళవాళ్ళు మెట్లు దిగి, చెప్పులు విడిచి, పంచెలు మోకాళ్ళపైకి ఎగగట్టారు. మొద్దు నీళ్ళ అంచున ఉంది గనుక నీళ్ళలోకి దిగితే తప్ప వేటు అందదు. ఆచార్యులు తాను దగ్గరుండి చూపించకపోతే అడ్డదిడ్డంగా నరుకుతారని భయపడి, పట్టుపంచె ఎత్తిపట్టుకుని అందరికంటే ముందు తానే ఒక కాలు నీళ్ళలో పెట్టాడు.

కేతకి అప్పటికే మొద్దు అడుగుకు దిగింది. అక్కడి బురదలో మీసాలు దువ్వుకుంటూ పడుకున్న ఇంగిలాయిల పెద్ద ఆమెను చూసి మర్యాదగా పక్కకు జరిగాడు.

"రాకుమారీ, ఈ నీడ వచ్చింది గదా, ఇక మమ్మల్ని పొమ్మంటారేమో అనుకుంటున్నాం."

"పొమ్మనను. ఈ ఇంట్లో అందరికీ చోటుంది" అంది కేతకి. "పైన ఉన్నది నా తమ్ముడు. వాడు బతకాలి. తొలకరి చినుకు పడ్డాక వాణ్ణి మళ్ళీ మనిషిని చేసే దారి నేను వెతుక్కుంటాను, అందాకా వాడికి కాపలా మీరే."

ఇంగిలాయిల పెద్ద పైకి చూశాడు. నీళ్ళలో తెల్లగా, మెత్తగా, పారాణి పెట్టించుకున్న అలంకారాధికారి పాదం ఒకటి దిగుతోంది. దాని వెనక మరికొన్ని.

"పెద్దాయన పాదం నాది" అని తనవాళ్ళతో చెప్పి, అతను చంకల్లో ముళ్ళు నిటారుగా విప్పాడు.